అత్తమ్మ మంచమంత చోటు

ఇది ఎప్పుడో రాయవలసింది. అప్పుడు నాకు అక్షరం రాదు. మహిళా సంఘంలో వేలిముద్ర వేసీ వేసీ రోసిపోయి, ఇంటికి నా కోడలొచ్చిన ఏడు గానీ పలక పట్టలేదు. నేర్చుకున్నాక కూడా బస్సు బోర్డులు చదవడంతోనే తృప్తిపడ్డాను. మొన్న మేడ్చల్‌లో చుట్టాల గృహప్రవేశానికి వెళ్తే, భోజనాల దగ్గర మా మరిది నలుగురిని చుట్టూ కూర్చోబెట్టుకుని, శామీర్‌పేట దగ్గరి మా ఇల్లు తానే దగ్గరుండి కట్టించానని చెబుతున్నాడు. అప్పడం నా నోట్లోనే ఆగిపోయింది. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కోకముందే కాగితం వెతుక్కున్నాను.

మాది గూనపెంకుల ఇల్లు. వానొస్తే వంటింటి గిన్నెలన్నీ చుక్కల కిందనే ఉండేవి, వండడానికి ఒక్కటీ మిగిలేది కాదు. మా అత్త నడుము పడిపోయి మంచంలోనే ఉండేది. ఆమెకు చావంటే భయం లేదు, కిరాయి ఇంట్లో చావడమంటేనే భయం. కిరాయికిచ్చినవాళ్లు పీనుగను గడప లోపల ఉండనివ్వరు. కుత్బుల్లాపూర్‌లో ఆమె చెల్లెలు పోతే రోడ్డు పక్కన టెంటు కింద పడుకోబెట్టారు. మంచాన పడకముందు అది చూసొచ్చిన నాటి నుంచి "నన్ను గీ ఇంట్లకెళ్లే ఎత్తుండ్రి" అనేది. అందుకని కొత్త ఇల్లు కట్టాలన్న మాట రాగానే నేను ఆమె మంచం దగ్గర నుంచి ఆలోచన మొదలుపెట్టాను. ముందు పెరట్లో బర్రెల కొట్టం బాగుచేసి పొయ్యి, మంచం అందులోకి మార్చాలి. తర్వాత నడిమిల్లు విప్పాలి. దాని తలుపులు, దూలాలు కొత్తదానికి పనికొస్తాయి. అది లేచాకనే ముందరి అర్ర, వీధివైపు గది. ఎన్నడూ నెత్తిమీద కప్పు లేకుండా ఉండం. ఇదంతా వాకిట్లో ముగ్గుతో గీసి చూపించాను.

మరిది అప్పుడే ప్లాట్ల బేరాల్లో దిగాడు. ఇస్త్రీ చొక్కాతో నా ముగ్గు తొక్కుకుంటూ వచ్చి, "ఏంది వదినా, ఇల్లు కడ్తున్నమా, జొన్నరొట్టె ముక్కలు జేస్తున్నమా?" అన్నాడు.

"ముక్కలు జేస్తెనే గొంతు దిగుతది" అన్నాను.

మా ఆయన నవ్వాడు. ఆయన నా మాటకూ నవ్వుతాడు, తమ్ముడి మాటకూ నవ్వుతాడు. ఎటువైపున్నాడో నవ్వును బట్టి చెప్పలేం.

ఎండాకాలం చివర్లో, యాప్రాల్‌లో అక్క మనుమరాలి తొట్టెల ఫంక్షన్‌కు పోయి మర్నాడు సాయంత్రం తిరిగొచ్చాను. సందు మలుపు తిరగగానే, మా ఇల్లుండవలసిన చోట వెనక బజారు కనబడింది. పెంకులు, దూలాలు, తలుపులు అన్నీ ఒకటే కుప్ప. కొట్టం ఒక్కటి సగం నిలబడి ఉంది, అక్కడికొచ్చేసరికి కూల్చే మిషన్‌లో డీజిల్ అయిపోయిందట. అత్త ఎదురింటి అరుగు మీద నులక మంచంలో ఉంది. నన్ను చూసి, "ముందుగల నేను వోవాలె గదనే, ఇల్లు వొయ్యింది" అంది.

"పొక్లెయిన్ పైస లేకుండ ఊకెనే దొరికింది వదినా, ఒక్క పూటల అయిపాయె" అన్నాడు మరిది, మెచ్చుకుంటానేమోనని చూస్తూ.

"మరి కట్టుడు?"

"దసరా ఎల్లినంక ఒక్కసారే లేపుదం. అందాక కుత్బుల్లాపూర్ల కిరాయికి అర్ర మాట్లాడిన."

అత్త గోడవైపు తిరిగి పడుకుంది.

"నువ్వు మాట్లాడిన అర్రల నువ్వే ఉండు. అత్తమ్మ ఈడికెళ్లి కదలదు" అన్నాను.

"వానల ఉంచుతవా మరి ముసలిదాన్ని?"

ఇల్లు కూల్చినవాడు ఆ మాట నన్నడిగాడు. ఇన్నేళ్లకూ తలచుకుంటే ఒళ్లు మండుతుంది. పైన మబ్బులు పడుతున్నాయి.

తర్వాత ఆ ఇల్లు ఏళ్ల తరబడి, ఒక్కో అర్రగా లేచింది. అత్త సొంత కప్పు కిందే కన్ను మూసింది, మా గడపలోంచే వెళ్లింది. మరిది భోజనాల దగ్గర ఆ సంగతి చెప్పడు. కూల్చిన పూట చెప్పుకోవడానికి బాగుంటుంది. కట్టిన ఏళ్లు ఎవరికి గుర్తుంటాయి, వాటిని మోసినవాళ్లకు తప్ప.

నేను యాప్రాల్ నుంచి తిరిగొచ్చిన మరునాడు పొద్దున్నే చీపురు తీసుకుని కొట్టంలో పేడ, మట్టి ఊడ్చి ఎత్తిపోశాను. అత్త మంచమంత చోటు ముగ్గుతో గీశాను. కుప్పలోంచి పగలని పెంకులు ఒక్కొక్కటే ఏరి గోడకు ఆనించాను. మా ఆయన వచ్చి కాసేపు చూశాడు. ఈసారి నవ్వలేదు. నిచ్చెన తెచ్చి కొట్టానికి వేసి పైకెక్కి, కిందికి చెయ్యి చాచాడు. నేను మొదటి పెంకు అందించాను.