ఊగే బఫరు

గౌరమ్మకు మగవాళ్ళ మీద ప్రత్యేకంగా కోపమేమీ లేదు. చేతికి మిషను దొరికిన మగవాళ్ళంటేనే చిన్నచూపు.

లింగసుగూరు దగ్గర గ్రానైటు పాలిషు చేసే యూనిట్లో ఆమె పదహారేళ్ళు పనిచేసింది. గరుకు బిళ్ళతో మొదలుపెట్టి, ఒక్కో మెట్టే నునుపు బిళ్ళకు దిగుతూ, రాయిలో తన ముక్కుపుడక కనిపించేదాకా రుద్దేది. యజమాని వస్తే మేస్త్రీలు బీడీ పారేసి "అయింది సార్, చేసినం" అనేవాళ్ళు. యూనిట్ మూతబడ్డాక రాయచూరు వచ్చి, అక్క కొడుకు యల్లేశ్ యరమరస్ దారిలో పెట్టిన కార్ల షెడ్డులో చేరింది. అక్కడ ఆమెకిచ్చినవి ఒక బకెట్టు, ఒక గుడ్డ.

మిషను యల్లేశ్‌ది. ఆ మూతబడ్డ యూనిట్ నుంచే తెచ్చుకున్న రాళ్ళ గ్రైండరు. దానికి ఉన్ని ప్యాడు తగిలించి, ఉన్న సీసాలన్నిటిలో గరుకైన పాలిషు, కాంపౌండు, పూసి, కొట్లాటకు పోయినట్టు కారు మీదికి పోయేవాడు. కార్లకు పాలిషు పెట్టడానికే చేసిన మిషను, బఫరు, ఒకటి అట్టపెట్టెలో పడి ఉంది. ఆన్ చేస్తే దాని ప్యాడు తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది. రాళ్ళ పనిలో ఊగే మిషనంటే చెడిపోయిన మిషనే. అందుకే యల్లేశ్ "ఖరాబ్ మాల్ అంటగట్టిండు" అని అమ్మినవాణ్ణి తిట్టి దాన్ని మూలకు తోశాడు.

గౌరమ్మ మాత్రం తుక్కు కొట్టు నుంచి పాత కారు తలుపొకటి తెచ్చుకుని, ఆదివారాలు షెడ్డు వెనక ప్రయత్నాలు చేసింది. మొదటిరోజు తానూ రాళ్ళ బుద్ధే చూపింది. గ్రైండరుకు గరుకు కాంపౌండు పెట్టి రుద్దితే అంచున రంగు ఎగిరిపోయి, కింది తెలుపు పళ్ళికిలించింది. "థూ, నీ పదహారేండ్ల పనితనం మండ" అని తననే ఛీకొట్టుకుంది. రాయి మందం బెత్తెడు. కారు రంగు మీది మెరుపు పొర వెంట్రుక మందం కూడా ఉండదు. రాయికి గరుకు ముందు. రంగుకు నునుపే ముందు, అది చాలకపోతేనే గరుకు. తర్వాతి ఆదివారాలు బఫరుతో రుద్ది చూస్తే తెలిసింది, ప్యాడు ఊగేది ఒకే చోట వేడి పుట్టకుండా ఉండటానికేనని. ఇది అర్థమైన నాటి నుంచి, ఆరు నెలలుగా, కార్ల మీద ఆ బఫరును తననే పట్టనిమ్మని అడుగుతూనే ఉంది.

"గది మగోళ్ళ పని, చిన్నమ్మా."

"ఊగేదాన్ని చూసి భయపడేటోనివి, నువ్వు చెప్పాలె మగోళ్ళ పని!"

మాటలో ఎప్పుడూ ఆమెదే గెలుపు. బకెట్టూ ఆమెదే.

ఆ రోజు తుర్విహాళ నుంచి రమేష్‌బాబు అనే వరి రైతు ఎర్ర కారు తెచ్చాడు. పదేళ్ళ కారు, వెలిసి గులాబీ రంగుకు తిరిగింది. యల్లేశ్ దాన్ని ఎండలోనే ఆపి, దుమ్మును పొడిగుడ్డతో దులిపి, గ్రైండరు అందుకున్నాడు.

"కడుగకుండనే రుద్దుతవా? గా దుమ్మే కారును గీకుతది. నీడకన్న నూకు."

"నువ్వు ఊకో చిన్నమ్మా. సార్, పది నిమిషాలల్ల అద్దం చేస్త."

డిక్కీ మూత మీద గ్రైండరు కాసేపు రొద పెట్టింది. తుడవగానే ఎరుపు భగ్గుమంది. రమేష్‌బాబు మురిసిపోయాడు.

"గిట్ల వంగి చూడుండ్రి సార్," అంది గౌరమ్మ.

ఆయన వంగాడు. మెరుపు నిండా సాలెగూడులాంటి గుండ్రటి గీతలు. మూత అంచున వేలిగోరంత మేర తెలుపు తేలింది.

"ఏంటయ్యా ఇది? మెరిపించమంటే తోలు వలిచేశావేంటి?"

"పాత రంగు సార్, గట్లనే ఉంటది."

"రంగు పాతది కాదు, నీ అకల్ పాతది. కారును షాబాద్ బండ అనుకున్నవా?" అంది గౌరమ్మ.

రమేష్‌బాబు తాళంచెవి అందుకున్నాడు. గౌరమ్మ కారుకు అడ్డం నిలబడింది. "జానెడు జాగ ఇయ్యుండ్రి సార్. నచ్చకుంటే పోండ్రి."

ఆయన ఆమెనూ బకెట్టునూ మార్చి మార్చి చూశాడు. "మిషను ఎప్పుడన్నా పట్టావా అమ్మా?"

"మీ ఇంట్ల బండల మీద మీ మొఖం కనపడ్తదా? గసుంటి బండలు పదహారేండ్లు మెరిపిచ్చిన."

కారును నీడలోకి తోయించింది. నీళ్ళతో కడిగింది. పెట్టె విప్పి, బఫరుకు మెత్తటి స్పాంజి ప్యాడు పెట్టి, అన్నిటికన్నా నునుపైన పాలిషు నాలుగు చుక్కలు వేసింది. డిక్కీ మూత మీది గీతల మీదే ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా, దుక్కి దున్నినంత నిదానంగా నడిపింది.

"ఊగుతున్నది చూడు," అన్నాడు యల్లేశ్.

"ఊగనీ. నువ్వు ఊగకు."

తుడిచి చూస్తే మసక ఇంకా కొంచెం మిగిలింది. ఒక్క మెట్టు గరుకైన సీసా తీసి ఇంకోసారి నడిపింది. ఈసారి రమేష్‌బాబు చెప్పకుండానే వంగాడు. సాలెగూడు లేదు. ఆయన మొహం ఉంది, రంగేసిన మీసంలో రంగు అంటని రెండు తెల్ల వెంట్రుకలతో సహా.

"కారంతా ఈవిడే చెయ్యాలి," అన్నాడు మీసం సవరించుకుంటూ. "ఆ గ్రైండరు నా బండి ఛాయలకు రాకూడదు. ఆ అంచు మీది తెల్ల మచ్చ కూడా పోగొట్టమ్మా."

"అది పోదు సార్. ఇంక రుద్దితే పెద్దగయితది. పాలిషంటే కొత్త రంగేసుడు కాదు, ఉన్న రంగును తక్కువల తక్కువ అరగదీసుడు. మచ్చకు పెయింటరు కాడికి పోవాలె. ఖర్చు మావోడు పెట్టుకుంటడు."

యల్లేశ్ నోరు తెరిచాడు. ఆమె వాడి వైపు చూడకుండానే బకెట్టును కాలితో అటు జరిపింది.

"నీళ్ళు మార్చుకరాపో. మట్టి నీళ్ళు తెచ్చి నా పని ఖరాబ్ చెయ్యకు."

వాడు గ్రైండరు కింద పెట్టి బకెట్టు ఎత్తుకున్నాడు.