ఆటో స్టాండులో ముఖ్య అతిథి

ఆ జనవరి ఇరవై ఆరున తిరుపతి బస్సు కోసం పాకాలలో నిలబడ్డాను. ఎదురుగా ఆటో స్టాండులో జెండా సిద్ధంగా ఉంది, రావాల్సిన నాయకుడు మాత్రం రాలేదు. నా ఇస్త్రీ చొక్కా చూసి డ్రైవర్లు, "సార్, మీరే రాండి" అంటూ లాక్కుపోయారు. దేశం పిలిస్తే కాదనే మనిషినా నేను! తాడు లాగాను, పూలు రాలాయి. బడిలో చరిత్రలో నాకెప్పుడూ మొదటి మార్కే మరి, తెల్లదొరలను తరిమికొట్టిన ఘట్టం ఎత్తుకుని ఐదు నిమిషాలు ఆవేశంగా మాట్లాడాను. చప్పట్లు మోగిపోయాయి.

చాక్లెట్ చేతిలో పెడుతూ ఒక ముసలి డ్రైవరు మెల్లగా అన్నాడు: "తెల్లోళ్లు పోయింది ఆగస్టులో గదా సార్. ఆ పొద్దు జెండాను కింద నుంచి పైకెత్తుతాం. ఈ పొద్దు రాజ్యాంగం వచ్చిన దినం, పైనే కట్టి విప్పుతాం. తాడు లాగినారే, సూడలేదా?"

నా చరిత్ర పరిజ్ఞానాన్ని చాక్లెట్‌తో పాటు జేబులో వేసుకున్నాను. "మరి అంత గట్టిగా చప్పట్లు కొట్టారే?" అన్నాను.

"ఏటా వచ్చే నాయకుడు గూడా ఇదే సెప్తాడు సార్, గంటసేపు. మీరు ఐదు నిమిషాల్లో ముగించినారని కొట్టినాం."