నరసమ్మ అత్త గుండిగ

భాద్రపద శుద్ధ విదియ. ఎల్లుండి వినాయక చవితి. మోవా పేటలో మేముండే అపార్ట్‌మెంట్‌లో ఈసారి ప్రసాదం బాధ్యత మా మనవరాలు సుధకు అప్పగించారు. ఎవరింట్లోనో అటక మీదున్న పాత ఇత్తడి గుండిగ దించి, అందులోనే పులిహోర కలుపుతామని నిన్న సంబరంగా చెప్పింది. అందుకే ఇవాళ ఇది రాస్తున్నాను...

మా చిన్నప్పుడు... డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో మా లైన్‌కంతా కలిపి ఒకటే పందిరి. అరవైల నాటి మాట. నాన్నగారు రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపులో ఫిట్టర్. లైన్‌లో పద్దెనిమిది క్వార్టర్లు, అందులో పదకొండు శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీ ఊరికి వచ్చిన మావాళ్లవే.

పులిహోర మాత్రం ఏటా నరసమ్మ అత్త గుండిగలోనే. ఆవిడది మా ఎదురు క్వార్టర్. బంధుత్వమేమీ లేదు, పిల్లలందరికీ అత్తే. పుట్టింటివాళ్లిచ్చిన గుండిగ అది... అంచు మీద ఆమె పేరు చెక్కి ఉండేది.

మా అమ్మకు ఒక నియమం ఉండేది. పండగకు ముందు ప్రతి ఇత్తడి గిన్నెనూ వెలుతురులోకి వంచి లోపల చూడాలి. లోపల వేసిన తగరపు పూత, అదే కళాయి, తెల్లగా ఉంటే పులుసైనా పెరుగైనా పోయొచ్చు. ఎక్కడైనా ఇత్తడి బయటపడితే అది నీళ్లకే. చింతపండు ఇత్తడిని తింటుంది, ఆ తిన్నదాన్ని మనం తింటాం అనేది.

ఆ ఏడు వానలు విడవలేదు. కళాయి వేసే అతను మా వైపు రానేలేదు. కళాయి వేయించుకోండంటూ అతను వేసే "కలయీ కరాలో" అన్న కేక కోసం శ్రావణమంతా చూశాం...

చవితి పొద్దున అమ్మ నెలసరిలో ఉంది. మూడు రోజులు వేరుగా కూర్చునే కాలం. పందిరి దగ్గరికి రాకూడదు, గిన్నెలు ముట్టకూడదు. అందుకని వాకిట్లోంచే నన్ను పిలిచి, గుండిగ లోపల చూసి రమ్మంది. నాకప్పుడు పదకొండేళ్లు.

చూశాను. అడుగున అరచేతంత మేర కళాయి లేచిపోయి, పసుపుపచ్చగా మెరుస్తోంది. నరసమ్మ అత్తకు చూపించాను.

ఆవిడ పొయ్యి మీది నుంచి చూపు తిప్పకుండానే నవ్వింది. "ఏటే పంతులమ్మా, పండగపూట వంకలెడతన్నావు? ఒక్క పూటకేటవుద్ది? ఇప్పుడింకో బర్తన్ ఎక్కణ్ణించి తెత్తాను?"

తర్వాత గొంతు తగ్గించి, ఈసారి పిల్లలకు వడ్డించే గరిటె నాకే ఇస్తానంది. అంతకుముందు ఏ ఏడూ ఆ గరిటె నా చేతికి రాలేదు.

వాకిట్లో అమ్మ అడిగింది. "తెల్లగా ఉందా?"

"ఉందమ్మా" అన్నాను.

తొమ్మిదింటికి పులిహోర కలిపారు. పంతులుగారు మిగతా లైన్లలో పూజలు ముగించుకుని మా పందిరికి వచ్చేసరికి ఒంటిగంట. నైవేద్యం కాకుండా ఎవరూ ముట్టరు కదా... నాలుగు గంటలకు పైగా ఆ పుల్లటి అన్నం ఆ గుండిగలోనే ఉంది.

అందరూ తిన్నాక అడుగున కొంచెం మిగిలింది. రంగు మారి ఉంది. కరివేపాకు రంగనుకున్నాను... అలా అనుకున్నానని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. మా చెల్లెలు కుమారికి నాలుగేళ్లు. ఇంకా కావాలంది. గరిటెతో గీకి మరీ వేశాను.

గంట తిరక్కుండా వాంతులు మొదలయ్యాయి. లైన్ మొత్తం మీద తొమ్మిది మందికి. ఎనిమిది మంది సాయంత్రానికి తేరుకున్నారు. కుమారి మాత్రం కళ్లు తేలేసింది.

దేన్నీ ముట్టకుండా కూర్చోవలసిన అమ్మ, దాన్ని భుజాన వేసుకుని పందిరి మధ్యలోంచే ఆసుపత్రికి పరుగెత్తింది. అందరూ పక్కకు జరిగి దారిచ్చారు.

రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. మూడో రోజు పొద్దున కుమారి గంజి అడిగింది...

ఆ సాయంత్రం నరసమ్మ అత్త ఆసుపత్రి వరండాలోకి వచ్చి నిలబడింది. మా పిల్ల చూసి తెల్లగా ఉందని చెప్పింది, మరి ఇదెలా జరిగిందని అమ్మ ఆమెను అడిగింది. నేను పక్కనే ఉన్నాను. అత్త నా వైపు ఒక్కసారి చూసింది.

"పిల్లకేటి తెలుస్తాది వదినా... గిన్ని నాది. చూసుకోవాల్సింది నాను" అంది.

ఆమె నన్ను పట్టివ్వలేదు. నేను నోరు విప్పలేదు.

ఆ తర్వాత లైన్‌లో ఎవరూ ఆమె చేతి ప్రసాదం తీసుకోలేదు. గుండిగలో మట్టి నింపి, వాకిట్లో బంతిమొక్కలు వేసుకుంది. అంచు మీద పేరు మాత్రం కనిపిస్తూనే ఉండేది. వాళ్లు బదిలీ మీద వెళ్లిపోయేదాకా రోజూ దాని పక్కనుంచే బడికి వెళ్లాను. అమ్మకు చివరిదాకా చెప్పలేదు.

ఇప్పుడు వీధిలో కలయీ కేక లేదు. గిన్నె వంచి చూసే అమ్మలూ లేరు. గిన్నెలు మాత్రం అటకల మీద మిగిలాయి... మీ ఇళ్లలో పండగ గిన్నె లోపల చూసే మనిషి ఎవరుండేవారు? కింద రాయండి, అన్నీ చదువుతాను.

సుధా, ఎల్లుండికి జరగవలసినవి ఇవి.

1. గుండిగను పగటి వెలుతురులో వంచి ఇద్దరు చూడాలి. ఒక్కరి మాట చాలదు.

2. ఆవగింజంత ఇత్తడి కనిపించినా చింతపండు, నిమ్మ, పెరుగు అందులో పడకూడదు. స్టీలు గిన్నెలో కలపండి. రుచి తగ్గితే తగ్గనీ.

3. పూజ ఎప్పుడో తెలిశాకే కలపాలి. పొద్దున కలిపి మధ్యాహ్నం దాకా ఉంచవద్దు.

4. చిన్నపిల్లలకు చిన్న ముద్ద. అడుగున గీకింది ఎవరికీ పెట్టవద్దు.

5. ఏ పిల్లైనా వచ్చి ఇదేదో తేడాగా ఉందంటే పొయ్యి ఆపి చూడాలి. గరిటె చేతిలో పెట్టి పంపకూడదు.

6. నరసమ్మ అత్త పిల్లలు గానీ మనవలు గానీ ఇది చదివితే, మీ వాళ్లందరికీ చదివి వినిపించండి. గుండిగ అడుగున కళాయి లేచిన ఆ మచ్చను నేను చూశాను. చూసి, తెల్లగా ఉందని చెప్పాను.