రెండు వేళ్ల పని

ఊళ్లో మూలపడ్డ లిఫ్టులన్నింటినీ ఒక్క వేలితో లేపి నడిపించిన మనిషి ఈ భూమ్మీద ఒకత్తే ఉంది. చేతికి గ్రీజు అంటలేదు, స్క్రూడ్రైవర్ పట్టలేదు, కనీసం కుర్చీలోంచి లేవలేదు. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఫిర్యాదులకు జవాబులు పంపే గుమాస్తా ఆవిడ. ఆఫీసంతా షార్ట్‌కట్టక్క అని పిలుస్తారు.

అక్క కూడా మొదట్లో అందరిలాగే టైపు చేసేది. "మీకు కలిగిన ఇబ్బందికి ఎంతో చింతిస్తున్నాం" అని రోజంతా కొట్టీ కొట్టీ మణికట్టు వాచిపోయి, ఇంట్లో గరిటె తిప్పడానికి ఎడమచెయ్యే దిక్కయింది. చెయ్యి ఇలాగే మొరాయిస్తే మేడ దింపి గోడౌన్‌లో కూర్చోబెడతారు. అక్కడ కిటికీ లేదు, ఫ్యాను లేదు, మాట్లాడదామంటే అట్టపెట్టెలు తప్ప నరమానవుడు లేడు. ఆ భయంతో ఒక మధ్యాహ్నం భోజనం మానేసి, కంప్యూటర్లో ఎవరూ తొంగిచూడని సెట్టింగుల్లోకి దూరింది. బయటికొచ్చేసరికి ఆ చింతంతా ఎఫ్ సిక్స్ మీటకు అప్పజెప్పేసింది. ఒకసారి నొక్కితే ఉత్తరం మొత్తం తెరమీద వాలుతుంది. ఎఫ్ సెవెన్ నొక్కితే "మీ ఫిర్యాదు పరిశీలనలో ఉంది" అని పడుతుంది.

ఇక ఆవిడ వైభవం చూడాలి. టీ కప్పు నోటిదాకా వచ్చేలోపు పేటపేటంతా క్షమాపణలు అందుకునేది. ఎఫ్ సిక్స్ మీట అరిగి అరిగి అద్దంలా తయారైతే, అక్క అందులో చూసుకుని జుట్టు సవరించుకునేదని పక్క సీటువాళ్లు ఒట్టేసి చెబుతారు. ఒకసారి సెలవు చీటీ రాస్తుంటే వేలు జారి ఆ మీట తగిలింది. తనకు ఒంట్లో బాగాలేదనీ, లిఫ్టు ఆగినందుకు ఎంతో చింతిస్తున్నాననీ మేనేజరుకి వెళ్లింది. ఆయన చదవకుండానే మంజూరు చేశాడు.

అయితే అసలు సొగసంతా ఎఫ్ ఎయిట్‌లో ఉంది. దాని వెనక అక్క, ఒక్క నొక్కుతో పనులన్నీ వాటంతటవే వరసగా జరిగిపోయే పెద్ద మాక్రో కట్టింది. వరసలో ఉన్న ఫిర్యాదు తెరిచి, పేరూ చిరునామా తీసుకుని, "రేపు పొద్దున మా మెకానిక్ మీ గుమ్మంలో ఉంటాడు" అని రాసి, ఇటు వాళ్లకూ అటు మెకానిక్ ఫోనుకూ పంపి, ఆ వెంటనే తరవాతి ఫిర్యాదు మీద పడుతుంది. ఇంత చేసి దాన్ని ఎన్నడూ నొక్కలేదు. చింతించండి, పరిశీలించండి, ఎప్పుడొస్తామో మాత్రం చెప్పకండి అన్నది మేనేజరు పెట్టిన నియమం. కొందరు కట్టని పట్టుచీర కొని బీరువాలో దాచుకుంటారు, అక్క నొక్కని మీట దాచుకుంది. పొరపాటున తగలకుండా దానికి కంట్రోల్ మీటను కూడా జోడించింది. రెండూ కలిపి నొక్కితేనే కదులుతుంది.

అక్కకో వదిన ఉంది, అన్న భార్య. ఆరో అంతస్తులో కాపురం. ఆ లిఫ్టు ఆగి ఎన్నాళ్లయిందంటే, బటన్ దగ్గర సాలీడు గూడు కట్టి, పిల్లల్ని పెంచి, పెళ్లిళ్లు కూడా చేసింది. ఒక ఆదివారం ఆవిడ ఆయాసపడుతూ అక్క ఇంటికొచ్చి కూర్చుంది.

"నిన్న కూడా మీ ఉత్తరం వచ్చిందమ్మా. అంత చింతిస్తే మీ కంపెనీ ఆరోగ్యం ఏం కాను? కాస్త తిని పడుకోమను. ఆడపడుచు అక్కడే ఉద్యోగం చేస్తుంటే నేను గోడ పట్టుకుని ఎక్కుతున్నానని మా మెట్ల మీదవాళ్లంతా నవ్వుతున్నారు."

మర్నాడు సాయంత్రం వరసలో మొదటి ఫిర్యాదు వదినదే. అలవాటుగా వేలు ఎఫ్ సిక్స్ మీదికి వెళ్లి, అక్కడే ఆగిపోయింది. ఎడమచెయ్యి తనంతట తానే కంట్రోల్ మీద వాలింది. ఈ ఒక్కటీ పంపేసి ఊరుకుందామనుకుంది అక్క. కానీ తాను కట్టిన మాక్రోకి పరుగెత్తడం నేర్పిందే గానీ ఆగడం నేర్పలేదు. వదినది అయింది, పక్కవాళ్లది అయింది, మార్కెట్ వెనకవాళ్లది అయింది. అక్క ఎస్కేప్ మీటను పేలును నలిపినట్టు నలిపినా లాభం లేకపోయింది. చివరి ఫిర్యాదుకి కూడా మాట ఇచ్చేశాకే అది శాంతించింది. అక్క సంచి తీసుకుని, తెర వైపు చూడకుండా, కంప్యూటర్ కూడా ఆపకుండా ఇంటికి నడిచింది.

పొద్దున్నే మెకానిక్‌లంతా సంచులు తగిలించుకుని ఊరిమీద పడ్డారు. ఎవరు పంపారో తెలియక మేనేజరు గదిలో గిరగిరా తిరిగాడు. విచారిస్తే, ఉత్తరాలు పోయింది ఆపకుండా వదిలేసిన అక్క కంప్యూటర్ నుంచనీ, సాయంత్రం అందరూ వెళ్లాక బల్లలు తుడిచింది ఆఫీసు ఊడ్చే ఆయమ్మ అనీ తేలింది. ఇంకేముంది, గుడ్డ కీబోర్డు మీద పడి ఈ ఘోరం జరిగిందని తీర్పు చెప్పేసి, రేపట్నుంచి రావద్దన్నాడు.

"నేనేం నొక్కలేదు బాబూ," అంది ఆయమ్మ. "దుమ్ముంటే తుడిచాను. ఆ దుమ్ములో లిఫ్టులుంటాయని నాకేం తెలుసు?"

అక్క నోరు మూసుకుంటే తన కుర్చీ తనకుంటుంది, ఆయమ్మ పని పోతుంది. నోరు తెరిస్తే గోడౌన్. కాసేపు కిటికీ వైపు చూసింది, చివరిసారి చూసుకుంటున్నట్టు. తరవాత లేచి, ఒకసారి మళ్లీ తుడవమనండి సార్ అంది.

ఆయమ్మ కోపమంతా గుడ్డలో పెట్టి కీబోర్డును ఈ చివర నుంచి ఆ చివరకి తోమింది. తెర నిండా "ఎంతో చింతిస్తున్నాం" అని వరసలు వరసలుగా పడింది. ఆ ఆఫీసు పుట్టాక ఆయమ్మకి క్షమాపణ చెప్పడం అదే మొదలు. కానీ ఒక్క ఉత్తరమూ బయటికి పోలేదు.

"చూశారుగా సార్," అంది అక్క. "ఎడమచేత్తో కంట్రోల్ అదిమిపట్టి కుడిచేత్తో ఎఫ్ ఎయిట్ కొట్టాలి. గుడ్డకి రెండు చేతులెక్కడివి? నేనే కొట్టాను."

మేనేజరు గోడౌన్ అనబోయాడు. 'గో' దగ్గర ఫోను మోగింది. పెద్ద మెకానిక్. సగం లిఫ్టులకి తలుపు సందులో చెత్త ఇరుక్కుందట, తీస్తే పరుగెడుతున్నాయట, జనం చేతులు పట్టుకుని వదలడం లేదట. వెనకే ఓనరు ఫోను. ఈ ఆలోచన ఎవరిదయ్యా అని ఆయన అడిగితే మేనేజరు గొంతు సవరించుకుని, మన ఆఫీసుదే సార్ అన్నాడు. ఫోను పెట్టేసి, ఆయమ్మని బల్లలు తుడుచుకోమన్నాడు, అక్కని ఆ మాక్రోకి ఆగడం నేర్పమన్నాడు.

అప్పటినుంచీ ఆఫీసులోకి కొత్తవాళ్లెవరొచ్చినా ఒక్క వేలితో ఊళ్లో లిఫ్టులన్నీ లేపిన ఈ కథ చెబుతారు. చెప్పినప్పుడల్లా అక్క తెరమీంచి కళ్లు తిప్పకుండా ఒకటే మాట అంటుంది.

"అన్నీ కాదు. మా వదినది ఇంకా నడవట్లేదు, మోటారు మార్చాలట. వేలు కూడా ఒకటి కాదు, రెండు."