ఎనభై మాటలు, అయిదు నిమిషాలు

1957 వేసవిలో నన్ను పాతబస్తీలో దబీర్‌పురా వైపున్న ఒక చిన్న తంతి ఆఫీసుకు సీనియర్ టెలిగ్రాఫిస్టుగా వేశారు. అంతకు ముందు మూడు నెలలు టెలిప్రింటర్ శిక్షణలో ఉన్నాను. మా ఆఫీసుకు ఆ యంత్రం ఇంకా రాలేదు. తంతులన్నీ మోర్స్ కీ మీదే, అంటే చేత్తో చుక్కలూ గీతలూ కొట్టి పంపేవాళ్ళం.

కీ మీద కూర్చునేది యాదగిరి. జహనుమాలో వాళ్ళన్నకు బర్రెలుండేవి. పొద్దున్నే ఇళ్ళకు పాలు పోసి, అదే సైకిల్ మీద డ్యూటీకి వచ్చేవాడు. అతను పోయి ఏడాది కావస్తోంది. ఈ సంగతి తెలిసినవాళ్ళలో ఇక నేనొక్కణ్ణే మిగిలాను కనుక రాస్తున్నాను.

ఆ ఏడు వేగ పరీక్షకు ఇన్‌స్పెక్టర్ శాస్త్రిగారు వచ్చారు. కోస్తా మనిషి, నిక్కచ్చి మనిషి. నిమిషానికి ఇరవై మాటలు పంపగలగాలి. తగ్గితే కీ మీంచి లేపి రికార్డు గదికి పంపుతారు. పదకొండేళ్ళు కీ కొట్టిన యాదగిరికి అదే భయం.

ప్రతి ఏడూ పరీక్షకు అచ్చు కాగితం వచ్చేది. ఆసారి రాలేదు. శాస్త్రిగారు ఆ పొద్దుటి తంతుల కట్టలోంచే కొన్ని తీసి యాదగిరి ముందు పెట్టారు. ప్రతి ఫారం మూలలోనూ కౌంటర్ క్లర్కు సలీం భాయ్ వేసిన మాటల లెక్క ఉండనే ఉంది. పక్కగదిలో కీ చప్పుళ్ళు వినిపించే సౌండర్ దగ్గర నేను విని రాసుకున్నాను. అయిదు నిమిషాలు. ఒక్క తప్పు లేదు.

శాస్త్రిగారు మూలల్లోని అంకెలు కూడారు. "ఎనభై మాటలు, అయిదు నిమిషాలు. పదహారు. ఇందులో వాదించడానికి ఏముందండీ?" అన్నారు.

"పదహారా? నిద్రల కొట్టినా ఇరవై దాటుత సార్!" అన్నాడు యాదగిరి.

"ఫికర్ చెయ్యకు యాదగిరన్నా. రికార్డు గదిల పంఖా ఉన్నది, మస్తు నిద్ర పోవచ్చు" అన్నాడు సలీం భాయ్. యాదగిరి నవ్వలేదు.

నాకు మాత్రం వేళ్ళు గుంజుతున్నాయి. పదహారు మాటల వేగానికి రాసుకునే చెయ్యి అలా గుంజదు. మళ్ళీ ఫారాలు తిరగేశాను. అన్నీ పెళ్ళి శుభాకాంక్షల తంతులే. కౌంటర్ దగ్గర పదిహేను ఇంగ్లీషు అక్షరాల దాకా ఒకే మాట కింద రుసుము లెక్క. అందుకే మా బస్తీవాళ్ళు వీధి పేరూ ఇంటి పేరూ కలిపి రాసేవారు. ముబారక్‌బాద్ అన్నదానికే పది అక్షరాలు. కీ కొట్టేవాడికి మాట పొడవెంతయినా ప్రతి అక్షరమూ కొట్టక తప్పదు.

శిక్షణలో మాకు మొదట నేర్పింది ఇదే. టెలిప్రింటర్ వేగం యాభై బాడ్లు, అంటే సెకనుకు యాభై సంకేత భాగాలు. ఒక్కో అక్షరానికి ఏడున్నర భాగాలు పడతాయి కనుక నిమిషానికి నాలుగు వందల అక్షరాలు. వేగం లెక్కలో మాట అంటే అయిదక్షరాలూ ఒక ఖాళీ, మొత్తం ఆరు. నాలుగు వందలను ఆరుతో భాగిస్తే అరవై ఆరు మాటలు చిల్లర. అచ్చు కాగితం ఈ కొలతకే తయారయ్యేది. సలీం భాయ్ వేసిన అంకె రుసుము కోసం, వేగం కోసం కాదు.

ఈ మాట మెల్లగా చెప్పాను. శాస్త్రిగారు మూత తీసిన భోజనం డబ్బా పక్కకు జరిపి, పెన్సిల్ మొనతో ఒక్కో అక్షరం తామే లెక్కపెట్టారు. అక్షరాలు ఆరు వందల నలభై, ఖాళీలు ఎనభై. మొత్తం ఏడు వందల ఇరవై. ఆరుతో భాగిస్తే నూట ఇరవై మాటలు. అయిదు నిమిషాలకు పంచితే ఇరవై నాలుగు.

"మరి యంత్రం కొలతలో ఇతని చెయ్యి ఎంత?" అని అడిగారు.

మోర్స్‌లో ప్రమాణపు మాటకు యాభై భాగాలు. ఇరవై నాలుగు మాటలకు పన్నెండు వందలు. అరవై సెకన్లకు పంచితే ఇరవై బాడ్లు. కాగితం మీద వేసి చూపించాను.

"మిషన్ యాభై, నేను ఇరవైయేనా? సరే గాని సార్, అది పొద్దుగాల బర్రె పాలు పిండి వస్తదా?" అన్నాడు యాదగిరి.

శాస్త్రిగారు నవ్వారు. ఆయన నవ్వడం నేను చూసింది అప్పుడే. పాత అంకె కొట్టేసి, ఇరవై నాలుగని రాసి సంతకం చేశారు. తర్వాత సంచీలోంచి ఇంకో కట్ట తీశారు. ముందురోజు వేరే ఆఫీసులో ఇలాగే పరీక్ష పెట్టి ఒకతన్ని కీ మీంచి లేపేశారట. అతని పేరు మాకు చెప్పలేదు. డబ్బా మూత మళ్ళీ పెట్టేసి, ఆ కట్టలోని అక్షరాలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. సలీం భాయ్ చాయ్ తెచ్చి పక్కన పెట్టాడు.

యాదగిరి ఇంకో ఎనిమిదేళ్ళు కీ మీదే ఉన్నాడు. నేను ఆ తర్వాత రాసిన ప్రతి నివేదికలోనూ అంకె పక్కన అది దేని కొలతో, దేనితో భాగిస్తే వచ్చిందో రాసేవాణ్ణి. కూడికలో తప్పు లేకపోయినా అంకె తప్పు కావచ్చని ఆ రోజు నేర్చుకున్నాను.