తడిగోనె కట్టిన టర్బో

రెండువేల మూడో సంవత్సరం వేసవిలో, అనంతపురంలో బోరు రిగ్గుల ఇంజన్లను మరమ్మతు చేసే ఒక కర్మాగారంలో నేను సీనియర్ ఇంజనీరు హోదాలో ఉండగా, శింగనమల వైపు పనిచేసే ఒక రిగ్గు బాధ్యతను నాకు అప్పగించారు. దాని కంప్రెసరును నడిపే డీజిల్ ఇంజనుకు మొదటినుంచీ ఉన్న కంప్యూటరు కాలిపోయింది. ఆ రకం మళ్లీ దొరకక, ఏ ఇంజనుకైనా అమర్చి కొలతలు మనమే నింపుకోదగిన మరొక కంప్యూటరును రిగ్గు యజమాని తెప్పించారు. అటువంటిదాన్ని మాలో అంతకుముందు ఎవరూ అమర్చలేదు.

తొందరకు కారణం ఓబులమ్మగారి చీనీతోట, అంటే బత్తాయితోట. పాత బోరు ఎండిపోయింది. కొత్త బోరు, ఈ రిగ్గు చెడిపోవడంతో, నాలుగు వందల అడుగుల దగ్గర ఆగిపోయింది. ఆకులు ముడుచుకొంటున్నాయి. రిగ్గు ఆ వారంలో పని ముగించకుంటే మరో ఊరికి తరలవలసిందే. అది తిరిగి వచ్చేదాకా చెట్లు నిలిచేవి కావు.

ఇంజను వదిలే పొగ వేగంతో టర్బో చక్రం తిరుగుతుంది. అదే ఇరుసు రెండో కొననున్న చక్రం గాలిని ఇంజనులోకి బలంగా నెడుతుంది. ఆ అదనపు ఒత్తిడినే బూస్టు అంటాము. అది మితిమీరకుండా, పొగలో కొంత భాగాన్ని టర్బోకు తగలనీయక పక్కదారి పట్టించే తలుపు ఒకటి ఉంటుంది. ఆ తలుపును ఎంతమేరకు మూసి ఉంచాలో ఒక చిన్న విద్యుత్ కవాటం ద్వారా కంప్యూటరు నిర్ణయిస్తుంది.

రిగ్గును కర్మాగారానికి తెప్పించి, నేను పద్ధతి ప్రకారమే నడిచాను. మొదట కవాటాన్ని పూర్తిగా ఆపి, తలుపు స్ప్రింగు ఒక్కటే ఎంత ఒత్తిడిని నిలుపుతున్నదో చూశాను. తరువాత కవాటం పనిని కొద్దికొద్దిగా పెంచుతూ, ప్రతి వేగం వద్దా బూస్టును పట్టికలో నింపాను. చివరగా, బూస్టు తగ్గితే కంప్యూటరు తనంతట తానే తలుపును మరికొంత మూసి సరిదిద్దుకొనే అధికారాన్ని ఇచ్చాను. ఆ అధికారాన్ని ఉదారంగానే ఇచ్చాను. రెండు రోజుల్లో సూచిక ముల్లు గీత మీద గీసినట్లు నిలిచింది. నా పనిమీద నాకు సందేహమేమీ లేదు.

తోటలో పొద్దున డ్రిల్లింగు మొదలైంది. ల్యాప్‌టాప్ ముందు నేను కూర్చున్నాను. మధ్యాహ్నానికి రిగ్గు ఆపరేటరు మస్తాను నా దగ్గరికి వచ్చాడు. ఇరవై ఏళ్లుగా ఆ రాతినేలను తొలిచినవాడు.

"సార్, టర్బో కూత కీచుమంటా సన్నబడతాండాది. పొద్దున ఇట్ల లేదు."

బూస్టు అంకె పొద్దుటినుంచి కదలలేదని తెర చూపించాను.

"అంకెకేమి సార్, అది ఆడ చల్లగా కూచునుండాది. చాకిరి చేసేది ఈడ ఇంజను" అని, నా అనుమతికి ఎదురుచూడకుండా ఇంజను ఆపేశాడు. రిగ్గుమీద ఆ హక్కు ఆపరేటరుదే.

ఓబులమ్మగారు గట్టుమీదినుంచి లేచి వచ్చారు. "ఏమప్పా మస్తానూ, నిన్నటిదాకా మిషను లేదంటివి. ఈపొద్దు ఉండీ ఆపితివి. నీ కతలు చెప్పి నా చెట్లను నిలబెట్టమంటావా?"

"టర్బో పగిలితే కతలు కూడా ఉండవు పెద్దమ్మా" అన్నాడతడు.

నేను నొచ్చుకొన్నాను. అయినా, అంతవరకూ చూడని మరో వరుసను తెరిచాను. పొద్దున కవాటం ముప్పై ఎనిమిది శాతం పనిచేస్తూ నిలిపిన బూస్టునే నిలపడానికి ఇప్పుడు అరవైయారు శాతం పనిచేస్తున్నది. అంటే టర్బోకు గాలి అందడం లేదు. ఆ కొరతను కప్పిపుచ్చడానికి కంప్యూటరు దాన్ని హద్దుమీరి తిప్పుతున్నది.

తలెత్తి చూస్తే, గాలి వడపోత మూతికి తడిగోనె చుట్టి, తీగతో బిగించి ఉంది. రాతిపొడి దానిమీద మెత్తినట్లు పట్టి, ఎండకు గట్టిపడింది. అక్కడి రిగ్గులన్నిటికీ అది వాడుకే. కర్మాగారంలో ఇది లేదే అని అడిగాను.

మస్తాను కొంచెం సిగ్గుపడ్డాడు. "సారు ముందర మురికిగోనె ఏం బాగుంటాదని, ఇప్పి, కడిగి తెచ్చినాము."

నన్ను గౌరవించి వారు తీసివేశారు. పనిచోట ఇంజను ఎలా నడుస్తుందో అడగకుండా నేను కొలతలు నింపాను. తప్పు నాదే.

టర్బో గొట్టం విప్పి ఇరుసును వేలితో కదిలించి చూశాను. దాని వదులు అనుమతించిన మేరలోనే ఉంది. రెక్కలు గోడకు రాసుకోలేదు. గోనె లేకుండా నడపమనలేదు, ఎందుకంటే రాతిపొడి లోపలికి పోతే అంతకన్న కీడు. కొత్తగోనె తడిపి కట్టించి, అలాగే పట్టిక మళ్లీ నింపాను. కంప్యూటరు సరిదిద్దుకొనే అధికారాన్ని ఐదు శాతానికి కుదించాను. అంతకు మించి కావలసివస్తే బూస్టు పడిపోవాలి, ఎర్రదీపం వెలగాలి, మనిషి వచ్చి గోనె మార్చాలి.

సాయంకాలానికి డ్రిల్లింగు మళ్లీ సాగింది. మరునాడు నాలుగు వందల డెబ్బై అడుగుల వద్ద రెండంగుళాల ధారగా నీరు పడింది. ఓబులమ్మగారు తొలి నీటిని దోసిట పట్టి రుచి చూసి, "ఉప్పు లేదు" అని మాత్రం అన్నారు.

లక్ష్యాన్ని చేరుతున్న యంత్రం క్షేమంగా ఉందని అనుకోరాదు. చేరడానికి అది ఎంత శ్రమిస్తున్నదో ఆ అంకెను పక్కనే పెట్టి చదవాలి. ఆ తరువాత పదవీవిరమణ దాకా, మరమ్మతుకు వచ్చే ప్రతి రిగ్గు యజమానికీ ముందుగా ఒకే కబురు పంపేవాణ్ని: కడిగి తేవద్దు, పనిచేస్తున్నది పనిచేస్తున్నట్లే తీసుకురండి.