మామ్మ పొగ డ్రమ్ములో నేను దోపిన చెక్క

మా చిన్నప్పుడు... మా గిలకలదిండి రేవులో ముసురు పట్టిందంటే, ఇసుకలో ఆరేసిన చేపలన్నీ బుట్టలకెక్కి ఇళ్ళలోకి వచ్చేసేవి. ఎండ లేదు, పైగా ఉత్తరపు గాలి, ఒళ్ళు వణికించే చలి... అప్పుడు బయటికి తీసేది మా మామ్మ తన పొగ డ్రమ్ముని, ఎండ చెయ్యాల్సిన పని పొగతో చేయించడానికి.

అదో పాత ఇనప డ్రమ్ము. అడుగున సరుగుడు బొగ్గులు, వాటి మీద తడిపిన ఊక, పైన ఇనప తీగల జల్లెడ మీద ఉప్పు పట్టించిన చేపలు, ఆపైన మూత. చలిగాలికి వేడి పోకుండా చుట్టూ గోనెసంచులు, గాలి వచ్చే వైపు తాటాకు దడి. కింద చిన్న కన్నం, దానికి అడ్డంగా ఓ పెంకుముక్క. గాలి ఎక్కువైతే మామ్మ ఆ పెంకుని కాస్త మూసేది, బొగ్గులు నీరసిస్తే కాస్త తెరిచేది. గోనె మీద అరచెయ్యి ఆనించి లోపల సంగతి చెప్పేసేది! ముసురులో ఎవరింట్లో చేపలు మిగిలినా "పెద్దమ్మా, నీ చెయ్యి పడాల్సిందే" అని తెచ్చి ఇచ్చేవాళ్ళు. ఆ మాట వింటే చాలు, ఆవిడకి ఆ పూట అన్నం అక్కర్లేదు.

ఆ ఏడాది మా అక్క నాగాయలంకలో, అత్తారింట్లో, కడుపుతో ఉంది. ఒకటే వేవిళ్ళు... మంచినీళ్ళు కూడా నిలవడం లేదట. మామ్మ పొగబెట్టిన కానాగంత చేపలయితే తినగలనేమో అందట. ఆ కబురు పట్టుకుని బావే వచ్చాడు. సాయంత్రం బస్సుకి తిరిగి వెళ్ళిపోవాలి. పడవలన్నీ రేవులో కట్టేసి ఉన్నాయి, ఇంట్లో ఉన్నవి పద్నాలుగంటే పద్నాలుగు చేపలు.

మధ్యాహ్నం మామ్మ డ్రమ్ము రాజేసి, ఊక చాలదని పక్క వీధికి వెళ్తూ నాతో చెప్పింది. "మూత తియ్యమాక. నేనొచ్చేదాకా దేన్నీ ముట్టుకోమాక. కూర్చో, అంతే."

కూర్చోవడమా... నాకు చేతకాని పని అదొక్కటే! లేచాను, కూర్చున్నాను, డ్రమ్ము చుట్టూ తిరిగాను. అయ్యాయేమోనని మూతెత్తి చూశాను. చూసిన ప్రతిసారీ ఉన్న కాస్త వేడీ పోయింది... పోయిందేమోనని మళ్ళీ చూశాను. ఈలోగా గాలి మళ్ళి, దడి లేని వైపు నుంచి కొట్టడం మొదలెట్టింది. బొగ్గుల మీద బూడిద కమ్మేసింది.

బావ గుమ్మంలోకి వచ్చాడు. "ఏమ్మా, అయినాయా? బస్సు టైమవుతోంది."

మా రేవులో పొయ్యి అంటుకోకపోతే ఎవరైనా చేసే పని ఒకటుంది... విరిగిన పడవ చెక్క ముక్క దోపడం. తారు పూసిన చెక్క కదా, ఎంత ముసురులోనైనా అంటుకుంటుంది. అదే తెచ్చి కన్నంలో దోపాను. భగ్గుమంది! ఎంత సంతోషపడ్డానో... మూత సందుల్లోంచి నల్లటి పొగ వచ్చేదాకా.

మామ్మ పరుగున వచ్చి మూత తీసింది. ఓ ముక్క తుంచి నోట్లో వేసుకుని, వెంటనే ఊసేసింది. అంతా తారు కంపే. నా చేతులకంటిన మసి వంక చూసింది. తిట్టలేదు... తిట్టినా బాగుండేది.

"నా చెయ్యే తప్పింది బాబూ," అంది బావతో. "కళ్ళు ఆనట్లేదు. ఏ చెక్క వేశానో ఏంటో... ముసురు తగ్గాక పంపుతానని పిల్లకి చెప్పు."

బావ ఉత్త చేతులతో వెళ్ళాడు. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

అక్క తర్వాత కోలుకుంది, పిల్లాడు బాగానే పుట్టాడు. కానీ ఆ మాట రేవంతా పాకింది... "పెద్దమ్మకి చూపు తగ్గిందంట, చేపలు మాడ్చేసిందంట." మరుసటి ముసురుకి మామ్మ డ్రమ్ము తోమి, బొగ్గులు సిద్ధం చేసుకుని కూర్చుంది. ఎవరూ చేపలు తేలేదు. ఆ పై ఏడాది ఆ డ్రమ్ములో కోళ్ళు పొదిగాయి. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఉన్నాను... మామ్మ పోయింది.

ఇప్పుడు రేవు నిండా ఐసే. ఎంత ముసురొచ్చినా చేప పాడవదు, పొగ డ్రమ్ముతో ఎవరికీ పని లేదు. అక్కకి కూడా ఈ సంగతి ఇవాళ ఇది చదివితేనే తెలుస్తుంది. అక్కా... ఆ రోజు చెయ్యి తప్పింది మామ్మది కాదు, నాది.

మీ తప్పు తన నెత్తిన వేసుకున్నవాళ్ళు మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు. కింద రాయండి, చదువుతాను... కానీ వాళ్ళు ఇంకా ఉంటే మాత్రం, ముందు వెళ్ళి వాళ్ళకి చెప్పండి.